తిరుపతి మీదుగా వేలూరుకు

మా మునెమ్మను వీపున వేసుకొని ఏడుకొండలూ ఎక్కినవాణ్ణి నేను. అలిపిరిలో ఎత్తుకొన్నవాణ్ణి మోకాళ్ళ పర్వతం దగ్గర కూడా దించలేదు. దారిలో జనం గోవింద కొట్టడం మరిచి నన్నే చూశారు. అప్పటికే నాకు అరవై దాటాయి. చిత్తూరు బెల్లం మండీలో ఈ సంగతి ఇప్పటికీ చెప్పుకొంటారు. చెప్పేది నేనే అనుకోండి.

ప్రయాణం ఎందుకు పెట్టుకొన్నామో ముందు చెప్పాలి. యుద్ధం సాగుతున్న రోజులు. మునెమ్మకు ఎడమ రొమ్ములో గడ్డ లేచింది. మొదట చింతగింజంత ఉండిందట. నా చెవిన వేసేసరికి నిమ్మకాయంత అయింది. చిత్తూరులో డాక్టరు చూసి, ఇది రాచపుండు, వేలూరు పోయి రొమ్ము తీయించెయ్యండి, ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పు అన్నాడు.

వేలూరు మాకు దక్షిణాన ఉంది. రైలెక్కితే పూట ప్రయాణం కూడా కాదు. ఆ మాట విన్నప్పటినుంచీ ఇంట్లో ఎవరమూ దక్షిణం దిక్కు తలెత్తి చూడలేదు. ఆషాఢం పోనీ అనుకొన్నాము. తరువాత మూఢం వచ్చింది. అది పోతే రైళ్ళ నిండా సోల్జర్లే ఉన్నారు. మునెమ్మ సరే అనలేదు, కాదనీ అనలేదు. ఒకనాడు పొద్దున రాగిసంకటి కెలుకుతూ, "కొండకు పోదాం పాయ్యా. స్వామి ఏం సెప్తాడో సూద్దాం" అంది.

స్వామి ‘కోత వద్దు, నేనే కరిగిస్తా’ అని చెబుతాడని నాకు గట్టి ఆశ. మరునాడే బయలుదేరదీశాను.

పొద్దున ఏడింటి బండి. మునెమ్మ కట్టిన మూట ఎత్తబోతే నడుము పట్టింది. "మూడు దినాల పయనానికి ఇంత మూటా? కాపురం ఎత్తేస్తా ఉండామా?" అన్నాను. "నీకు సలేస్తే నా కొంగు కప్పల్లా? దుప్పట్లు పెట్టినా" అంది. పాకాలలో బండి చాలాసేపు ఆగుతుంది. ఈ దారిన పోయేవాళ్ళు తిండి చేత్తో తీసుకుపోవడం మేలు. అక్కడ చిత్రాన్నం మూట విప్పుతుండగా ఎదుటి బల్లమీద తమలపాకుల వ్యాపారి పలకరించాడు.

"ఏం పెద్దాయనా, మొక్కుబడా?"

నా నోరు ఊరుకోదు. గడ్డ సంగతి పెట్టెలోని వాళ్ళందరికీ వినబడేట్టు చెప్పేశాను.

"కత్తికి మాత్రం పోవద్దప్పా! మాతట్టు ఒకాయన పసరు కడతాడు. గడ్డ వెన్న కరిగినట్ట కరిగిపోతాది."

నేను ముందుకు జరిగి ఊరు పేరు అడగబోయాను. మునెమ్మ నా తొడమీద చెయ్యి వేసి ఆపి, మెల్లగా అడిగింది. "ఎవురికి కరిగింది నాయనా?"

"మా వొదినకే."

"ఇప్పుడెట్లుండాది మీ వొదిన?"

ఆయన మొగం కిటికీవైపు తిప్పుకొని, చంద్రగిరి కోట కనబడేదాకా బయటికే చూశాడు. బండి ఆగగానే ఆకుల గంపతో దిగిపోయాడు. చిత్రాన్నం అప్పటికే అతని చేతిలో పెట్టేశాము. అది కూడా తీసుకుపోయాడు.

మధ్యాహ్నానికి తిరుపతి చేరాము. సత్రంలో గది దొరికింది. గోవిందరాజస్వామిని చూసుకొని పెందలాడే పడుకొన్నాము. తెల్లవారుజామున అలిపిరిలో పాదాలమండపం దగ్గర మొక్కి మెట్లెక్కడం మొదలుపెట్టాము. ఇప్పుడు కొండమీదికి బస్సు పోతుంది, మీకేమి. అప్పుడు కాళ్ళో, డోలీయో.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. మొదట్లో వీపున మోసిన కథ చెప్పాను కదా. మండీలో నేను మణుగు అంటే వినేవాళ్ళు అందులో సగం వీశెలు తీసేసి వింటారు, మీరూ అట్లే వినండి. మోసింది నిజం, మోసింది నేను కాదు. గాలిగోపురం చేరేసరికి నా పిక్కలు రాళ్ళయి, ఒక మెట్టుమీద కూర్చుండిపోయాను. మునెమ్మ డోలీని పిలిచింది. కూర్చున్నచోటినుంచే నేను రోగం సంగతి చెప్పేశాను, బోయీలు ఆమెను ఎక్కమన్నారు.

"నేను కాదు నాయనా, ఆయప్ప."

"రోగం ఎవురికమ్మా?" అన్నాడు ముందు బోయీ.

"నాకు."

"మరి ఆయన్నేమిటికి మొయ్యల్ల?"

"నాకు రోగమొచ్చిందని ఆయప్పకు కాళ్ళు రాలేదు."

బోయీలు నవ్వి నన్నెత్తుకొన్నారు. మోకాళ్ళ పర్వతం దగ్గర నేను డోలీలో ఊగుతుంటే, ఆమె కొంగు బిగించుకొని మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ పక్కనే ఎక్కింది. జనం నన్నే చూశారన్నది మాత్రం అబద్ధం కాదు.

కొండమీద నేను గుండు కొట్టించుకొన్నాను. ఆమె మూడు కత్తెరలు ఇచ్చింది. దర్శనంలో నాకు దొరికింది రెప్పపాటు. ఆ రెప్పపాటులో నేను అడగవలసింది అడిగేశాను, కరిగించు తండ్రీ అని. ఆమె ఏమడిగిందో చెప్పలేదు. బయట ప్రసాదం తింటూ మాత్రం అంది.

"ఆయన రొమ్మునా అమ్మవారు ఉండాది, సూసినావా?"

"సూడకేం."

"ఆయన ఎదమీద ఉండేది లచ్చిమి. ఉంచుకొన్నాడు. నా ఎదలో ఉండేది లచ్చిమి కాదు కదయ్యా. దాన్నేమిటికి ఉంచుకొనేది?"

నేను మిగతా లడ్డు ఉత్తరీయంలో మూటగట్టుకొని లేచాను.

దిగేటప్పుడు నా కాళ్ళతోనే దిగాను. మరునాడు పొద్దున జట్కాలో తిరుచానూరు పోయాము. కొండమీద స్వామిని చూసినవాళ్ళు కింద అమ్మవారిని చూడకుండా పోకూడదు. గుడి ముందు వీధిలో పూలూ పసుపూ అమ్మేవాళ్ళ దగ్గరే వెండి రేకులు కూడా దొరుకుతాయి. కంటిజబ్బు వాళ్ళు కండ్లు అచ్చువేసిన రేకు, కాలినొప్పి వాళ్ళు కాలు రేకు కొని హుండీలో వేస్తారు. మునెమ్మ రొమ్ము రేకు కొనుక్కొని రమ్మని నన్ను పంపి, తాను పూలు కట్టించుకొంటూ నిలబడింది.

బెల్లం మండీలో నోరుపెట్టి బతికినవాణ్ణి, ఆ అంగడి ఆడమనిషి ముందు నాకు మాట పెగల్లేదు. "ఏం కావల్ల తాతా?" అంటే చేతుల రేకులు చూశాను, కాళ్ళ రేకులు చూశాను, చివరకు కండ్ల రేకు కొనుక్కొని వచ్చేశాను. రెండూ గుండ్రంగానే ఉన్నాయి కదా, అమ్మవారు సర్దుకొంటుంది అనుకొన్నాను.

మునెమ్మ రేకు తిప్పి చూసి, పూలు జారిపోయేట్టు నవ్వింది. "అమ్మవారు నాకు కండ్లకలక అనుకొంటాది కదయ్యా!"

తానే అంగడికి పోయింది. నేను వెనక నిలుచున్నాను. ఆ ఆడమనిషి ఏమీ అడగకుండా పీట కిందినుంచి ఒక ఎర్రగుడ్డ మూట తీసి విప్పింది. అందులో అన్నీ అవే రేకులు. పిడికెడు కాదు, దోసెడున్నాయి.

"ఇన్నెవురు కొంటారమ్మా?" అంది మునెమ్మ.

"నీయట్లా వాళ్ళేమ్మా. గొంతు తగ్గించి అడుగుతారు. అందుకే బయట పరచను. జత ఇయ్యల్లా?"

"ఒకటి సాలు. రెండోది బాగుండాది, దానికేమిటికి మొక్కు?"

అంగడామె కూడా నవ్వింది. నవ్వుతూనే మునెమ్మ చెయ్యి పట్టుకొని, కాసేపు వదల్లేదు. నేను ఆ మూటనే చూస్తూ నిలబడ్డాను. ఇంతమంది నోరు మెదపకుండా వచ్చిపోతున్నారని నాకేం తెలుసు.

లోపల ఆమె రెండు రేకులూ హుండీలో వేసింది. "కండ్లు నీకోసరం. ఎదురుగా ఉండేది నీకు ఆనదు" అంది.

మధ్యాహ్నం స్టేషనులో, "నీ గుండు ఎండకు కాలతాది, నీడన కూసో" అని టిక్కెట్లకు తానే పోయింది. చిత్తూరు వచ్చేసరికి పొద్దు వాలింది. నేను మూట భుజాన వేసుకొని లేచాను. ఆమె లేవలేదు.

"దిగవే, ఊరొచ్చింది."

"కూసో. టిక్కెట్టు కాట్పాడికి."

కాట్పాడిలో దిగితే వేలూరు. బండి కూత వేసింది. నేను నిలబడ్డవాణ్ణి అట్లే కూలబడ్డాను. మూట ఒళ్ళోనే ఉంది. ఆమె నా గుండుమీద చెయ్యి వేసి రెండుసార్లు తట్టింది. చిత్తూరు దీపాలు వెనక్కి పోయాయి.

వేలూరులో ఆమె రొమ్ము తీశారు. చాలా రోజులు ఉన్నాము. దుప్పట్లూ చీరలూ చెంబూ గిన్నే అన్నీ ఆ మూటలోంచే వచ్చాయి. ఇంటికి తిరిగివచ్చే బండిలో ఆమె వక్కాకు సంచి వెదికాను, రొంటిన లేదు. రవికెలో ఎడమవైపునుంచి తీసి ఇచ్చింది. "జాగా కాళీగా ఏమిటికి పోవల్ల?" అంది. ఎదురుగా కూర్చున్న ఆడవాళ్ళు ఆమె ఎందుకు నవ్విందో, నేను ఎందుకు కండ్లు తుడుచుకొన్నానో తెలియక మొగాలు చూసుకొన్నారు. ఆ సంచి ఇప్పటికీ అక్కడే ఉంటోంది.

ఆ దారిన పోయే ఆడబిడ్డలకు నేను చెప్పేది ఒకటే. గడ్డ కనబడితే గొంతు తగ్గించవద్దు. తిరుచానూరు అమ్మవారు మా మునెమ్మ మనసును ఒక్క పూటలో కత్తివైపు తిప్పినట్టు మీ మనసూ తిప్పుతుంది.

ఇంతవరకూ రాసి, చింతపండు పిక్కలు తీస్తున్న మునెమ్మకు చదివి వినిపించాను. డోలీ దగ్గర నవ్వింది. చివరి మాటకు చెయ్యి ఆపింది.

"నా మనసు ఎవురు తిప్పినారయ్యా? మూట కట్టిన పొద్దే నేను ఆస్పత్రికని కట్టుకొంటిని. కోత నాకు, బయం నీకు. బయమున్నోణ్ణి కదా ముందు దేవుడికాడికి తోడుకొని పోవల్ల?"