టీచరుగారి చెవులు పోయింది జబ్బు వల్ల కాదు

పద్నాలుగేళ్ళుగా ఈ మాట కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. అన్నం తిన్నాను, నిద్రపోయాను, పిల్లల పెళ్ళిళ్ళు చేశాను. ఏ పనీ ఆగలేదు. కానీ వీధిలో ఎవరైనా "చెవిటి టీచరమ్మ" అన్నప్పుడల్లా, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నేను తల దించుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో నందిగామలో ఒక డాక్టరుగారి దగ్గర కాంపౌండరుగా పనిచేసేవాణ్ణి. ఇల్లు జగ్గయ్యపేట. క్షయ వచ్చినవాళ్ళకు రోజుకొక స్ట్రెప్టోమైసిన్ ఇంజక్షన్, తొంభై రోజులు. పేట వాళ్ళు రోజూ నందిగామ బస్సెక్కలేరని, సాయంత్రం మా వరండాలో నేనే పొడిచేవాణ్ణి. దగ్గు తగ్గగానే జబ్బు పోయిందనుకుని మధ్యలో మానేసేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. నా దగ్గర మాత్రం ఒక్కరూ మానలేదు. బతిమాలో, తిట్టో, ఇంటికెళ్ళి లాక్కొచ్చో పూర్తి చేయించేవాణ్ణి. డాక్టరుగారు నలుగురిలో ఆ మాట చెప్పి మెచ్చుకునేవారు. ఆ మెప్పు నాకు బాగా తలకెక్కింది.

పనిలో చేరిన కొత్తలోనే ఆయన నాకొకటి చెప్పారు. చెవి లోపల, బయటికి కనపడని చోట, నూగులాంటి సన్నటి కణాలుంటాయి. శబ్దాన్ని పట్టేవి అవే. ఈ మందు కొందరిలో వాటిని చంపేస్తుంది. మడిలో నారు పోతే మళ్ళీ పోసుకోవచ్చు, ఇవి పోతే మళ్ళీ మొలవవు. చెవుల్లో హోరని గానీ, నడిస్తే తూలుతోందని గానీ ఎవరన్నా అంటే ఆ రోజే సూది ఆపి నా దగ్గరికి పంపు అన్నారు. అర్థమైందా అని కూడా అడిగారు. అర్థమైందన్నాను. కాబట్టి తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

సుగుణ టీచరుగారు ఎలిమెంటరీ స్కూల్లో ఒకటో తరగతికి చెప్పేవారు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే. మనిషి సన్నం, గొంతు మాత్రం ఖంగుమనేది. యాభై ఎనిమిదో ఇంజక్షన్ రోజు, నేను సిరంజి మరగబెడుతుంటే, గోడ పట్టుకుని నిలబడి అన్నారు:

"కాంపౌండరు గారూ, నాలుగు రోజుల్నుంచీ చెవుల్లో ఒకటే హోరండి. నడుస్తుంటే తూలుతున్నా. ఒకసారి నందిగామెళ్ళి డాక్టరు గారికి చూపించుకొస్తానండి."

"నీరసమండి అది. మీరూ మధ్యలో ఎగ్గొట్టే రకమేనా?" అన్నాను నవ్వుతూ.

"అయ్యో, మానేస్తానని కాదండి..."

"ఇంకెన్నని, ముప్పైరెండు. కళ్ళు మూసుకుని పొడిపించుకోండి."

"సరేనండి. మీకు తెలియందేముంది."

పొడిచాను. మర్నాడూ పొడిచాను. ఆ ముప్పైరెండూ పొడిచాను. నిజంగా నీరసమనే అనుకున్నానా? ఈ ప్రశ్న ఎన్నిసార్లు వేసుకున్నానో. లేదు. డాక్టరుగారి మాట గుర్తొచ్చింది. గుర్తొచ్చాకే నవ్వాను. పంపితే ఆయన ఆపేస్తారు, నా దగ్గర ఒక్కరూ మానలేదన్న పేరు కాస్తా పోతుంది, అదీ నా బాధ. నెలాఖరున డాక్టరుగారు టీచరమ్మ చెవులెలా ఉన్నాయోయ్ అని అడిగితే, బాగున్నాయండీ అని ఆమె తరఫున నేనే జవాబు చెప్పాను.

ఊపిరితిత్తులు బాగయ్యాయి. చెవులు పోయాయి. ముందు సన్నటి శబ్దాలు పోయాయి. రోడ్డు మీద లారీ వినిపించేది గానీ, ఎదురుగా కూర్చున్న పిల్ల "టీచర్" అంటే వినిపించేది కాదు. తర్వాత లారీ కూడా వినపడలేదు. చర్చిలో పాట మానేశారు. రెండేళ్ళకు బడీ మానేశారు.

ఇంకా కాస్త వినపడుతున్న రోజుల్లోనే, ఎందుకిట్లా అయిందండీ అని నన్నే అడిగారు. జబ్బు చెవులకు పాకిందన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట! ఆమె నమ్మారు. నమ్మి, దగ్గు మొదలైనప్పుడే రాకుండా తాత్సారం చేశానని తనను తానే తిట్టుకున్నారు. ప్రాణమైనా నిలబెట్టారని నాకు దండం పెట్టారు. సిగ్గులేకుండా ఆ దండం పుచ్చుకున్నాను.

పదేళ్ళ తర్వాత ఆమె కూతురికి అదే జబ్బు వచ్చింది. పిల్ల నందిగామలో ఇంటర్ చదువుతోంది. తల్లి నా దగ్గరికే తీసుకొచ్చారు. చేతిలో పలక. ఎవరేం చెప్పాలన్నా దాని మీద రాసి చూపించాలి. ఒక్క సూది కూడా తప్పనివ్వకండి, నాలాగా దీని చెవులకు పాకకూడదు అన్నారు. నా అబద్ధం ఇప్పుడు ఆ పిల్ల మీదికి వచ్చింది.

మర్నాడే పిల్లను నందిగామ తీసుకెళ్ళాను. ఆ అమ్మాయిని బయట కూర్చోబెట్టి, కొత్తగా వచ్చిన డాక్టరుతో, తల్లికి ఈ మందు వల్లే చెవులు పోయాయండీ అని చెప్పాను. తల్లికి పడని మందు పిల్లకూ పడకపోవచ్చని ఆయన ఇంజక్షన్ తీసేసి మాత్రలు రాశారు. ఎవరు పొడిచారని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. పిల్లకు నయమైంది, చక్కగా వింటుంది. దాంతో నా తప్పు తీరిందా? తల్లికి ఏం తీరింది?

సూదులెందుకు వద్దన్నారని అడుగుతూ టీచరుగారు పలక నా చేతికిచ్చారు. బలపం తీసుకున్నాను. "కొత్త మందులొచ్చాయండి" అని రాశాను. చదివి, కొంగుతో తుడిచి, దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలన్నారు.

ఆమె ఇప్పటికీ ఉన్నారు, మా వీధి చివరే. ఈ కాగితం ఆమెకిస్తానో లేదో నాకే తెలియదు. ధైర్యవంతుణ్ణని మీతో కోతలు కొయ్యను. ఆ రోజు పలక మీద రాయాల్సింది మాత్రం ఇక్కడ రాస్తున్నాను. రాస్తుంటే గుండె కాస్త తేలికపడుతోంది.

టీచరు గారూ, జబ్బు చెవులకు పాకలేదు. మీరు తాత్సారం చెయ్యలేదు. మీరు హోరని చెప్పిన రోజే నాకు తెలుసు.