పరీక్ష లేకుండా ఆంధ్రా వకీలు: సిరుగుప్ప నుంచి ఆదోని మీదుగా ఎమ్మిగనూరు

మా ఆయన సిరుగుప్పలో పదేళ్ళకు పైగా వకీలు. పేరు కర్ణాటక వకీళ్ళ జాబితాలో ఉంది. నా పుట్టిల్లు ఎమ్మిగనూరు. "ఆంధ్రాకు మారిపోదాం" అని ఆయన అన్న రోజు సంతోషంతో నాకు నిద్ర పట్టలేదు. మళ్ళీ పరీక్ష రాయాలి కాబోలనుకుని ఆయన పాత పుస్తకాలన్నీ దుమ్ము దులిపి బల్ల మీద పెట్టాను. ఆయన నవ్వారు. అనుభవమున్న వకీలు రాష్ట్రం మారితే పరీక్ష లేదట. ఉన్న నమోదును బదిలీ చేయమని ఢిల్లీలోని జాతీయ బార్ కౌన్సిల్‌కు అర్జీ పెట్టుకోవాలి, సీనియారిటీ కూడా పోదు. అయితే తన మీద క్రమశిక్షణ కేసు ఉండకూడదు, మారడానికి చెప్పే కారణం నిజమైనదని వాళ్ళకు నమ్మకం కలగాలి. నమ్మకపోతే అర్జీ తిరిగొచ్చేస్తుంది. మాకు చిక్కంతా ఆ కారణం దగ్గరే వచ్చింది.

పొద్దున్నే సిరుగుప్పలో బస్సెక్కితే ఆదోనికి గంటకు పైగా పడుతుంది. దారి పొడవునా పత్తి చేలు. ఆయన ఒళ్ళో ఉన్న కాగితాల కట్ట చూసి కండక్టర్ అడిగాడు.

"ఏమన్నా, అంత పెద్ద కేసా?"

"కేసు కాదప్పా. నా మీద ఏ కేసూ లేదని కాగితాలు."

"లేనిదానికే ఇన్నా?"

బస్సంతా నవ్వింది. నేను కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను.

ఆదోని బస్టాండు దగ్గర వేడి బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిని, అర్జీ చూపించుకోవడానికి కోర్టు వీధిలో మా ఆయనకు తెలిసిన పెద్ద వకీలుగారి ఆఫీసుకు వెళ్ళాము. మా ఆయన రాసుకొచ్చిన కారణాలు ఆ పెద్దాయన చదివారు. వృత్తిలో ఉన్నతి, విశాలమైన అవకాశాలు అని ఏవేవో ఉన్నాయి.

"ఈ మాటలు ఎవురైనా రాస్తారప్పా. ఉన్న పని ఇడిసిపెట్టి ఈడికెందుకు వస్తాండావు? నిజం సెప్పు."

"కుటుంబ కారణాలు సార్."

ఆయన నా వైపు తిరిగారు. "కుటుంబమంటే నువ్వే గదమ్మా. నువ్వు సెప్పు."

నేను చదివింది ఐదో తరగతి. అయినా ఇప్పుడు మాట్లాడకపోతే ఈ అర్జీ నిలబడదనిపించింది.

"సార్, కేసు మీద వచ్చే ఆడోళ్ళు ఈయనకు ఏమీ సెప్పరు. వంటింటి గడప కాడ కూర్చోని నాకు సెప్తారు. నేను ఈయనకు సెప్తాను. ఆదోని, కౌతాళం పక్క నుంచి వచ్చినోళ్ళే శానామంది. వాళ్ళ కేసులు ఈ కోర్టుల్లోనే ఉండాయి. కూలి పోగొట్టుకోని అంత దూరం వస్తాండారు. సిరుగుప్ప ఆడోళ్ళు కన్నడంలో ఏడుస్తాంటే నాకు తెలీదు. నీళ్ళిచ్చి నిలబడతాను, అంతే."

పెద్దాయన కళ్ళద్దాలు తీసి మా ఆయన్ను చూశారు. "ఇంతసేపూ ఈమెను యాడ దాచిపెట్టినావప్పా?"

పాత కాగితం పక్కన పెట్టి, నేను చెప్పిందే కోర్టు భాషలో కొత్తగా టైపు చేయించారు. నోటరీ సంతకం అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు బస్సులు తరచుగానే ఉంటాయి, గంటలోపు దింపేస్తాయి. ఇంటికి వెళ్ళేసరికి మా నాయన మగ్గం మీదున్నాడు.

"పరీక్ష ఎప్పుడు అల్లుడూ?"

"లేదు మామా."

"అయితే మా మగ్గానికి అచ్చు అతికినట్లే. పాత పడుగు కొనలకు కొత్త పడుగు అతికితే సాలు, మొదుట్నుంచి ఎక్కిచ్చే పనిలేదు. పోగు తెగకుండా సూసుకోవల్ల."

కొన్ని నెలలు ఎదురుచూశాక పోయిన వారం బదిలీ ఆర్డరు వచ్చింది. నలుగురిలో నోరు విప్పని నా మాట ఢిల్లీ దాకా వెళ్ళి నిలబడిందంటే ఇప్పటికీ నమ్మకం కుదరడం లేదు. ఇలా మారాలనుకునే వాళ్ళకు నా సలహా ఒక్కటే: మీ రాష్ట్ర కౌన్సిల్ నుంచి కేసులేమీ లేవనే పత్రం ముందుగా తెచ్చుకోండి, కారణం మాత్రం ఇంట్లో వాళ్ళను అడిగి రాయండి. నిన్న ఎమ్మిగనూరులో అద్దె ఇల్లు చూశాము. కోర్టు ఎంత దూరమని ఆయన అడిగారు. వంటింటి ముందు నలుగురు ఆడవాళ్ళు కూర్చునే చోటుందా అని నేను చూసుకున్నాను. ఉంది.