ఫ్రా వేత్ గారి మూడు చక్రాల రథం

ఫేంగ్ ఇంటి వస్తువు ఏదైనా కావాలంటే ఫేంగ్ ఇంట్లో తప్ప ఊళ్లో ఎక్కడైనా వెతకొచ్చు. నీళ్ల మోటారు వీధి చివరివాళ్ల ఉల్లిమడిలో ఆడుతుంటుంది. నిచ్చెన గుడి వెనక ఆనించి ఉంటుంది. బొప్పాయి పచ్చడి దంచుకునే రోలు ఎవరి పెళ్లికో వెళ్లింది. ఆ పెళ్లికూతురికి బిడ్డ పుట్టి, బిడ్డకు నడక వచ్చినా రోలు మాత్రం తిరిగి రాలేదు. గేదె సంగతి ఎత్తితే ఫేంగ్ నోటిదాకా వచ్చిన ముద్ద కింద పెట్టేస్తుంది కాబట్టి ఆ సంగతి వదిలేద్దాం.

ఇదంతా ఆమె మొగుడు కేన్ చలవ. కేన్ తాగడు, పేకాడడు, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. వయసులో ఉన్నప్పుడు కొన్నాళ్లు గుళ్లో భిక్షువుగా ఉండి వచ్చాడు, ఆ నెమ్మదితనం అలాగే ఉండిపోయింది. ఉన్నదల్లా ఒక్కటే జబ్బు. ఎవరైనా ఏదైనా అడిగితే లేదు అన్న మాట అతని నోట రాదు. ఇంటి ముందు ఎవరైనా తల గోక్కుంటూ నిలబడితే చాలు, ఏం కావాలో వాళ్లు చెప్పేలోపే అతను చెప్పులు వేసుకుని పాక వైపు నడుస్తాడు.

ఊరు అతనికి ఫ్రా వేత్ అని పేరు పెట్టింది. అడిగినవాడికి లేదనకుండా తెల్ల ఏనుగును, గుర్రాలను, రథాన్ని, ఆఖరికి కన్నపిల్లలను, కట్టుకున్న భార్యను కూడా ఇచ్చేసిన రాకుమారుడు ఫ్రా వేత్. బుద్ధుడై పుట్టడానికి ముందు జన్మ అది. ఏటా నాలుగో నెలలో, ఎండలు ముదిరే వేళ, ఆయన కథ పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా గుళ్లో చదువుతారు. జనం కదలకుండా కూర్చుని వింటారు, వింటే పుణ్యం. “ఇన్నేళ్లుగా విని వీళ్లు అందులోంచి అడగడం నేర్చుకున్నారు గానీ ఇవ్వడం ఒక్కడూ నేర్చుకోలేదు” అని ఫేంగ్ ఒళ్లుమండి అంటుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, తన చెమట ఊరంతా పంచిపెడుతుంటే మండదా మరి.

ఇన్ని పోగా ఇంట్లో మిగిలింది బండి. మోటారు సైకిల్‌కి పక్కన ఇనప తొట్టి అతికించి, ఆ తొట్టికి ఇంకో చక్రం పెట్టిన బండి. ఫేంగ్ తెల్లవారకముందే లేచి బియ్యప్పిండి సేవలు వండి, చేప పులుసు కాచి, గిన్నెలన్నీ ఆ తొట్టిలో సర్దుకుని పట్నం బజారుకు తనే తోలుకుపోతుంది. బండి లేని రోజుల్లో కావడి మోసింది. ఆ కావడి పుణ్యమా అని కుడి మోకాలు మెట్లెక్కినప్పుడల్లా కటుక్కుమంటుంది. మళ్లీ కావడి ఎత్తడం ఇక ఆమె వల్ల అయ్యే పని కాదు. బండి ఉంటే బజారు, బజారు ఉంటే కూడు.

ఆ బండిని కూడా ఊరు ఊరికే ఉండనివ్వదు. వడ్లబస్తాలకని తీసుకెళ్తారు, పందిపిల్లలకని తీసుకెళ్తారు. తిరిగొచ్చేసరికి తొట్టినిండా గడ్డి, పెట్రోలు సున్న. అయినా తిరిగి వస్తుంది, అంతవరకు నయం.

ఆ కథ చదివే పండగకు ముందురోజు ఊరంతా పొలాల అవతలి తోపుకు వెళ్లి, అడవుల పాలైన ఫ్రా వేత్‌ను మళ్లీ ఊళ్లోకి రమ్మని పిలిచి ఊరేగింపుగా తీసుకురావాలి. కథంతా బొమ్మలు గీసిన పొడవాటి పాతగుడ్డను మగా ఆడా పిల్లా పీచూ వరసగా పట్టుకుని నడుస్తారు. ఆ గుడ్డ మీద రథం బొమ్మ ఉంది. గీసినవాడు జన్మలో రథాన్ని చూసినవాడు కాదు. మా వైపు ఎడ్లబండి గీసి, దానిమీద గుడి శిఖరం తగిలించాడు. గుర్రాల్ని కూడా దానం చేసేశాక దేవతలు బంగారు జింకలై వచ్చి రథం లాగారట, ఆ జింకలు మాత్రం చక్కగా వచ్చాయి. పక్క బొమ్మలో జింకలూ లేవు, రథమూ ఇక వాళ్లది కాదు. దానం అడిగిన బ్రాహ్మడు దాన్ని తోలుకుపోతున్నాడు, ఫ్రా వేత్ తన కొడుకును చంకనేసుకుని, భార్య మద్దీదేవి కూతుర్ని చంకనేసుకుని ఎండలో నడుస్తున్నారు. ఆ బొమ్మ దగ్గరికొచ్చేసరికి ఫేంగ్‌కు ఏటా తిక్క రేగుతుంది. “పిల్లలు దిగేదాకా కూడా ఆగలేదు చూడు, మహానుభావుడు” అని పక్కవాళ్లకు వినబడేలా గొణుగుతుంది.

ఈ ఏడు గుడి పెద్దలకు కొత్త ఆలోచన వచ్చింది. బొమ్మలతో సరిపెట్టకుండా మనుషులతోనే ఆడిద్దామన్నారు. ఫ్రా వేత్ ఎవరో వేరే చెప్పాలా. మద్దీదేవి ఫేంగ్. రథం వాళ్ల బండే. అడిగిన నిమిషంలో కేన్ మూడింటికీ సరేనని వచ్చాడు. పెళ్లాన్ని అడగాలన్న సంగతి ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.

బ్రాహ్మడి వేషం బున్‌లైది. బున్‌లై కేన్‌కు చిన్నమ్మ కొడుకు, పాటగాడు, పనికి మాత్రం వెనకాడతాడు. గేదెను తోలుకుపోయింది వీడే. బండికి రంగుకాగితాలు అంటిస్తున్న రోజున తొట్టి చుట్టూ తిరిగి, చక్రాన్ని కాలితో తన్ని చూసి, అందరి ముందూ అన్నాడు.

“వదినా, ముందే చెప్తున్నా, తర్వాత చెప్పలేదనొద్దు. ఆ రోజు రథం నిజంగానే అడుగుతా. లౌడ్‌స్పీకర్లు కట్టుకుని ఊళ్లు తిరగడానికి ఇంతకంటే మంచి బండి నాకెక్కడ దొరుకుద్ది?”

అందరూ నవ్వారు. ఫేంగ్ నవ్వలేదు. ఆమె కేన్ వైపు చూసింది. అతనూ అందరితోపాటు నవ్వుతున్నాడు, అంతేగానీ కాదు అనలేదు.

అన్నం దగ్గర ఇక ఆగలేకపోయింది.

“ఏమయ్యా, వాడు అడిగితే ఏం చెప్తావ్?”

“తమాషాకన్నాడే.”

“వాడి మొహం చూశావా? గేదెనడిగినప్పుడూ ఇదే తమాషా. నువ్వేం చెప్తావో అది చెప్పు.”

కేన్ జిగురన్నం ముద్ద చేసి, పులుసులో ముంచి, మళ్లీ ముంచి, తినకుండా పట్టుకున్నాడు. “అబద్ధమాడనని శీలాలు తీసుకుని, ఆ రాజు వేషంలో, ఆ గుడ్డ ముందు నిలబడి లేదంటే ఎట్లా ఫేంగ్? అక్కడ అన్న మాట అన్నట్టే గదా.”

అది నిజమే, ఆమెకు కోపం తెప్పించిందీ అదే. మా ఊళ్లో ఆ గుడ్డ ముందు ఇస్తానన్నది ఇచ్చినట్టే. వెనకటికి ఒకాయన తాగిన మైకంలో బాటకని తన పొలం వారన ఇంత నేల ఇస్తానన్నాడు. మైకం దిగాక నెత్తి కొట్టుకున్నాడు గానీ, ఇవాళ్టికీ బండ్లు ఆ నేలమీదే పోతున్నాయి.

“అయితే వేషం మానెయ్.”

“మాటిచ్చానే.”

“అదీ ఇచ్చేశావా” అని ఫేంగ్ గిన్నెలు ఎత్తుకుని లేచిపోయింది.

మర్నాడు బజారునుంచి వస్తూ గుళ్లో ఆగింది. ఊరంతా లువాంగ్ ఫో అని పిలిచే పెద్ద భిక్షువు అరుగు మీద కూర్చుని పిల్లికి చేపముల్లు తీసి పెడుతున్నారు.

“లువాంగ్ ఫో, ఆ బున్‌లైకి మీరొక్క మాట చెప్పండి. బండి అడగొద్దని.”

ఆయన అంతా విని నిదానంగా అన్నారు. “ఇచ్చేవాణ్ని ఆపడం మంచిది కాదమ్మా. మద్దీదేవి ఎప్పుడైనా అడ్డం పడిందా? మొగుడి దానం చూసి సంతోషపడింది.”

“మద్దీదేవికి తెల్లారితే సేవలమ్ముకునే పని లేదు గదా, లువాంగ్ ఫో.”

ఆయన పొట్ట కదిలేలా నవ్వారు. “నీ నోటికి దణ్ణం తల్లీ. ఇంటికెళ్లాక కేన్‌ని ఓసారి పంపు, కప్పుమీద పెంకులు సర్దాలి. నిచ్చెన ఎటూ ఇక్కడే ఉంది.”

ఎవరి నిచ్చెన అని అడగబోయి ఫేంగ్ ఊరుకుంది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఇదే కాబోలు అనుకుంటూ బండెక్కింది.

ఊరేగింపు రోజున ఎండ నిప్పులు చెరిగింది. కేన్‌కు బంగారు కాగితం కిరీటం పెట్టారు. ఫేంగ్‌ను పాతిక పిన్నులు గుచ్చిన పట్టుగుడ్డలో బిగించి తొట్టిలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఇంజన్ ఆపేసి, బండి ముందు చెక్కజింకలు కట్టి, జనం తాళ్లతో లాగారు. డప్పుల మోత, ఆడవాళ్ల ఆటలు, ముసలమ్మల నోట్లోంచి సారా వాసన. ఫేంగ్‌కు ఇవేవీ పట్టలేదు. తొట్టి అంచును రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. ఇంటికి దీనిమీద వెళ్తానో, నడిచి వెళ్తానో అన్న ఆలోచన తప్ప ఆమె బుర్రలో ఇంకోటి లేదు.

తోపులో చెట్లకింద ఆ గుడ్డను చుట్టూ విప్పి పట్టుకున్నారు. పెద్ద భిక్షువు గొడుగు కింద కూర్చున్నారు. కేన్ రథం దిగి, దానాలకు నీళ్లు ధారపోసే కూజా పట్టుకుని నిలబడ్డాడు. దూదిగడ్డం పెట్టుకున్న బున్‌లై తూలుతూ వచ్చి అతని ముందు మోకరిల్లి పద్యం ఎత్తుకున్నాడు. గొంతు మంచిదే, పాపిష్ఠివాడిది. తన ఊరు ఎంత దూరమో, దారి ఎంత కష్టమో, కాళ్లు ఎలా బొబ్బలెక్కాయో సాగదీస్తున్నాడు. జనం నవ్వే కొద్దీ ఇంకా సాగదీస్తున్నాడు.

వాడు సాగదీస్తున్న కొద్దీ ఫేంగ్‌కు ఒక్కో సంగతి గుర్తొచ్చి ఒళ్లు మండింది. కాపురానికి వచ్చింది మొదలు ఇవ్వొద్దు, ఇవ్వొద్దు అని అరుస్తూనే ఉంది. ఆ మాట అతని చెవికి ఎక్కిందెప్పుడు? అతని చెవికి ఎక్కేది ఒకే ఒక్క మాట, ఇవ్వమన్న మాట. ఆ మాట ఊరంతా అంది, తను తప్ప. కట్టుకున్నవాణ్ని చెయ్యి చాచి అడగడమేమిటని ఒక్కసారీ అడగలేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారే.

ఫేంగ్ తొట్టిలోంచి దిగింది. పిన్నులు పటపట ఊడాయి. మోకాలు కటుక్కుమన్నా లెక్కచేయకుండా వెళ్లి, బున్‌లై పక్కనే దుమ్ములో మోకరిల్లి, చేతులు జోడించింది.

“రాజా, ఆ రథం నాకివ్వండి.”

డప్పు ఆగిపోయింది. బున్‌లై పద్యం మధ్యలో నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు.

“వదినా, ఇది నా వంతు. మద్దీదేవి అడగదు, కథలో లేదు.”

“కథలో లౌడ్‌స్పీకర్లున్నాయా?”

జనం గొల్లుమన్నారు. బున్‌లై భిక్షువు వైపు తిరిగాడు. “లువాంగ్ ఫో, మీరే చెప్పండి, ముందొచ్చింది నేను గదా.”

“ముందొచ్చావు నాయనా, కాదనను” అన్నారాయన. “కానీ నీ పద్యం ఇంకా రథం దాకా రాలేదు. ఆవిడ అడిగేసింది.”

ఇక అందరూ కేన్ వైపు చూశారు. ఫేంగ్ కూడా తలెత్తి చూసింది.

కేన్ ఆమెను చూస్తున్నాడు. చుట్టూ ఊరు లేనట్టు, తోపులో ఉన్నది తామిద్దరే అయినట్టు చూస్తున్నాడు. అతని ముఖంలో ఇచ్చేవాడి దర్జా లేదు. అడిగి తనకే మేలు చేసిందన్నట్టు, ఇన్నాళ్లూ ఎదురుచూసిన మాట ఇప్పటికి వినబడిందన్నట్టు ఆ ముఖం వెలిగిపోతోంది. కూజా వంచి ఆమె చేతులమీద నీళ్లు పోశాడు. “తీసుకో ఫేంగ్” అన్నాడు మెల్లగా. చుట్టూ సాధు, సాధు అన్నారు.

ఫేంగ్‌కు ఏడుపు రాలేదు, పట్టరాని కోపం వచ్చింది. ఊళ్లో ప్రతి తలమాసినవాడికీ ఈ ముఖం చూపించాడన్నమాట. వాళ్లు మళ్లీ మళ్లీ గడప తొక్కింది వస్తువు కోసమేనా, ఈ ముఖం కోసమా? అతను ఇచ్చినప్పుడల్లా తను వెనక నిలబడి తిడుతూ అతని వీపే చూసింది. ముఖాన్ని ఇంతకాలం ఊరు చూసింది.

“పోనీ వదినా” అని బున్‌లై గడ్డం సర్దుకుంటూ ఆమె వైపు తిరిగాడు. “ఇప్పుడు నీదే గదా. నాకిచ్చెయ్, పుణ్యం నీకే వస్తుంది.”

“ఇవ్వను” అంది ఫేంగ్.

ఆ గుడ్డ ముందు ఆ మాట అంతవరకు ఎవరూ అనలేదు. ఏమవుతుందోనని జనం గుడ్డ వైపు చూశారు. ఏమీ కాలేదు. కాసేపటికి డప్పు మళ్లీ మొదలైంది.

కేన్ మాత్రం ఖాళీ కూజా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. “ఇంకేమైనా కావాలా ఫేంగ్?” అన్నాడు.

ఏం కావాలో ఆమెకు తెలుసు. ఆ తెలియడంతో ఆ వయసులో, అంతమంది మధ్య, ఆమె ముఖం వేడెక్కింది.

“ముందు నన్ను లేవదియ్యి” అని కసిరింది. “మిగతాది ఇంటికెళ్లాక అడుగుతా.”