తళిలో పుట్టిన హైదరాబాదీ

హోసూరు ఆఫీసులో చేరిన మొదటి రోజే నేను హైదరాబాదు పిల్లనైపోయాను. పక్క సీటు అమ్మాయి ఏ ఊరని అడిగింది. మాది హోసూరు పక్కనే ఉన్న తళి, మా నాయన గ్రీన్‌హౌస్‌లో రోజాలు పండిస్తాడు. ఆ మాట చెప్పడానికి నాకు నామోషీ. నోట్లోంచి హైదరాబాదు అని వచ్చింది. అక్కడ ఏ ఏరియా అంటే "సెంటర్‌లోనే" అన్నాను. ఏ సెంటరో నాకూ తెలియదు.

ఇక చూడండి నా తిప్పలు! టీవీలో వార్తలు చదివే ఆవిడలా మాట్లాడేదాన్ని. పూలంటే తుమ్ములొస్తాయని కూడా కోతలు కోశాను. అంతటితో ఊరుకున్నానా? పక్క సీటు అమ్మాయిది మదనపల్లె. "యాడికి పోదాం టీకి?" అంటే "ఎక్కడికి అనాలి" అని దిద్దేదాన్ని. మా అమ్మా యాడికనే అంటుంది. పాపం, ఆమె నా ముందు మాట్లాడడమే తగ్గించేసింది. ఇంటి నుంచి ఫోన్ వస్తే మెట్ల దగ్గరికి పోయేది. నేనేదో గెలిచినట్టు పొంగిపోయాను. సిగ్గుండాలి!

అయినా మధ్యాహ్నం డబ్బాలు తెరిచి ఇద్దరం ఆమె ఫోన్‌లో ఒక జపాన్ అనిమే బొమ్మల సీరియల్ చూసేవాళ్లం. అందులో ఒక పిల్ల బడిలో జమీందారు బిడ్డనని నటిస్తుంటుంది. ఒకరోజు వంటల పోటీలో చేపను శుభ్రం చేయడం ఎవరికీ రాక అందరూ నిలబడిపోతారు. ఈ పిల్ల చేతులు ఆగవు, చకచకా పొలుసు తీసేస్తుంది. చేపలమ్మే ఇంటి పిల్లని అందరికీ తెలిసిపోతుంది. "నేనింతే" అని హాయిగా నవ్వుతుంది. నేను వెక్కివెక్కి ఏడ్చాను.

"ఏమైందమ్మా?" అంది పక్క సీటు అమ్మాయి.

"సాంబారు కారం" అన్నాను.

ఆ వారమే మేనేజరుకు వీడ్కోలు. ఎవరో రోజాలు తెచ్చి బల్ల మీద కుప్ప పోశారు. కట్ట కడదామని తీయబోయిన పక్క సీటు అమ్మాయి వేలికి ముల్లు దిగింది.

"ఇట్లియ్యి, అట్ల కాదు పట్టేది!" అన్నాను. అంతే. కింది ఆకులు దూసి, ముళ్లు తీసి, మొగ్గలన్నీ ఒక మట్టానికి చేర్చి, కాడలు ఏటవాలుగా కోసి, ఇరవైకొక కట్ట చొప్పున రబ్బరు బ్యాండు వేసేశాను. మా ఇంట్లో కాఫీకి ముందే చేసే పని. తలెత్తేసరికి నాలుగు కట్టలు తయారు. అందరూ నన్నే చూస్తున్నారు. ఒక్క తుమ్మూ రాలేదు.

"మాది తళి. మా నాయన రోజాలు పెడతాడు. ఇటు హోసూరు, అటు కృష్ణగిరి, అంతే నేను తిరిగింది" అన్నాను. అనిమే పిల్లలా నవ్వాను కూడా. చప్పట్లు కొడతారని ఆశ. "అయితే పూలు చవగ్గా ఇప్పిస్తావా?" అన్నారెవరో.

పక్క సీటు అమ్మాయి నవ్వలేదు. "మీ ఇంట్లో యాడ అంటారా?"

"అంటాము."

"మరి నన్నెందుకు దిద్దినావు? మూడు నెల్లు మా అమ్మతో దొంగ మాదిరి మాట్లాడినాను."

నాకు ఏడుపొచ్చింది. ఈసారి సాంబారూ లేదు. ఇంతలో ఆమె ఫోన్ మోగింది, వాళ్లమ్మ.

"ఈడే మాట్లాడమ్మా" అన్నాను.

"అలవాటైపోయిందిలే" అని మెట్ల దగ్గరికే పోయింది.