మీ దేవుళ్లెందరు?

మా మెస్‌లో వండే కాక చనిపోయారని శుక్రవారం పొద్దున ఫోన్ వచ్చింది. సెలవు మీద ఇంటికి వెళ్లి రెండు నెలలు. చేను కాడ కూర్చున్నవారు కూర్చున్నట్టే ఒరిగిపోయారట. చెప్పింది ఆయన కూతురు.

"దుబాయ్ల నాయనతోని ఉండేటోళ్లు మీరేనా?" అంది. ఎవరో రాసిచ్చిన కాగితం చదివినట్టు పొడిగా చెప్పి, చివర్లో అడిగింది. "మీరు నాయనకేమైతరు?"

"ఒక్క క్యాంప్‌ల ఉంటం," అన్నాను. ఫోన్ పెట్టేశాక నా మీద నాకే అసహ్యం వేసింది.

ఊళ్లోవాళ్లకు ఏ అరబ్బు దేశమైనా దుబాయే. బిర్కత్ అల్ అవామిర్‌లోని మా లేబర్ క్యాంప్‌లో ఆయన వంట మనిషి. ఉట్నూరు దిక్కు గోండు. ఆ మాట దాచుకోలేదు, చాటుకోలేదు. మిరపకాయ తొడిమలు తీస్తూ తనలో తాను గోండీలో మాట్లాడుకునేవారు. పక్కనే నేపాలీ హెల్పర్ ఉన్నా, ఎదురుగా ఫోర్‌మన్ ఉన్నా అంతే. మెస్ ముందు లైను పెరిగితే మాత్రం "యల్లా, యల్లా" అని అరబ్బీలో తొందరపెట్టేవారు.

నేను క్యాంప్‌కు వచ్చిన మొదటివారంలో గంటె పక్కన పెట్టి అడిగారు: "ఆసిఫాబాద్ దిక్కంటున్నరు గద. మాది ఏడుగురు. మీ దేవుళ్లెందరు?"

నా రూమ్మేట్ జగిత్యాల అతను పకపకా నవ్వాడు. "ముక్కోటి కాక! లెక్కవెట్టనీకి జిందగీ సాలది!"

నేనూ నవ్వాను. "ముక్కోటే కాక," అన్నాను.

మా గోండుల్లో ఒక్కో ఇంటికి ఇంతమంది దేవుళ్లని లెక్క ఉంటుంది. నలుగురు, అయిదుగురు, ఆరుగురు, ఏడుగురు. లెక్క ఒకటైతే అన్నదమ్ములు. వేరైతే మామా అల్లుళ్లు, బావా బామ్మర్దులు. కొత్తవాళ్లు కలిస్తే ముందు అడిగేది అదే. అది తెలియందే వరసపెట్టి పిలవలేరు. నాకు బాగా తెలుసు. మాది నలుగురు. కానీ బడి హాస్టల్లో నా భాషను వెక్కిరించినవాళ్ల నవ్వు ఇంకా చెవుల్లోనే ఉండేది. సముద్రం దాటినా ఆ నవ్వు దాటలేకపోయాను. ఆయన ఇంకేమీ అడగలేదు. అందరినీ "బిడ్డా" అనేవారు, నన్ను మాత్రం ఏమని పిలవాలో తెలియనట్టు "ఇగో, ఇంద" అని పళ్లెం అందించేవారు.

బియ్యం కొలతకు ఆయనకో స్టీలు మగ్గు ఉండేది. గోండీలోనే లెక్క. ఉండి, రండ్, మూండ్, నాలుంగ్, సయ్యుంగ్... ఒకరోజు అయిదు దగ్గర ఎవరో పిలిస్తే ఆగారు. లైన్లో ముందున్న నా నోట ఆరో అంకె జారిపోయింది. "సారుంగ్."

ఆయన తలెత్తలేదు. ఆరో మగ్గు పోసి, ఏడు నుంచి లెక్క సాగించారు. ఎవరికీ చెప్పలేదు. కానీ ఆ రోజు నుంచి అయిదు దగ్గర ఒక్క క్షణం ఆగేవారు. నేను నోరు విప్పేవాణ్ణి కాదు. ఆరో అంకె ఆయనే చెప్పుకునేవారు. రెండేళ్లు అలా ఎదురుచూశారు. అంత ఓపిక నేను ఇంకెవరిలోనూ చూడలేదు.

హెల్పర్‌కు కూడా అలాగే లెక్క నేర్పారు. "ఈ బాసతోని ఏమొస్తది కాక?" అని జగిత్యాల అతను ఆటపట్టిస్తే అన్నారు: "బువ్వకు ఏ బాసైన నడుస్తది. వరసకు, ఏడ్పుకు ఇంటి బాసె గావాలె."

ఆ శుక్రవారం మధ్యాహ్నం మెస్‌కు వెళ్లాను. అదే మగ్గుతో హెల్పర్ బియ్యం కొలుస్తున్నాడు. సయ్యుంగ్ అని, నేర్పినట్టే ఆగాడు.

"సారుంగ్," అన్నాను. లైనంతా వినబడేలా.

జగిత్యాల అతను నా వైపు తిరిగాడు. "నీకెట్ల తెలుసురా?"

"మా ఇంటి బాస," అని అక్కడే నిలబడి కాక కూతురికి ఫోన్ చేశాను. గోండీలో చెప్పాను. మాది నలుగురు దేవుళ్లని. మీ నాయన చెప్పిన లెక్క ప్రకారం మీది ఏడుగురని. ఆయన నాకు మామ అవుతారని.

పొద్దున కన్నీటిచుక్క లేకుండా మాట్లాడిన ఆ అమ్మాయి, "బావా" అని రాగం తీసి ఏడ్వడం మొదలుపెట్టింది.

ఆ ఏడుపు ఆగేదాకా హెల్పర్ ఆరో మగ్గు అలాగే చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.