ఐదో పేజీ

తెనాలి మార్కెట్టు వెనక సందులో బసవేశ్వరరావు గారి టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. పేరుకి ఆయనది గానీ, నడిపిందంతా ప్రేమకుమారే. పొద్దున్నే అంగలకుదురు నుంచి సైకిల్ మీద వచ్చేది, దీపాలు పెట్టాక వెళ్ళేది. ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళు తాలూకా ఆఫీసుల్లో, బ్యాంకుల్లో కుర్చీలెక్కారు. ఎక్కిన ప్రతివాడూ వచ్చి "అంతా మీ చలవే టీచర్" అని దణ్ణం పెట్టిపోయేవాడు. ఆమె మాత్రం ఆ కాళ్ళు ఊగే స్టూలు మీదే ఉండిపోయింది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టుందని వీధిలో నవ్వేవారు. నవ్వేవాళ్ళ పిల్లలకీ ఆమే నేర్పింది, సిగ్గులేని జనం!

ఆమె పాఠం ఒకటే. "కళ్ళు కాగితం మీద, వేళ్ళు మెషిన్ మీద. తలెత్తావా, చెయ్యి ఆగుద్ది. గంట మోగిందంటే లైను అయిపోవస్తోందని. చూడక్కర్లేదు, వినబడితే చాలు." తలెత్తినవాడి వేళ్ళ మీద స్కేలు పడేది.

1988లో బాపట్లలోని ఒక ప్రభుత్వ కార్పొరేషన్ ఆఫీసుకి కంప్యూటరు వచ్చింది. దానికి ఆపరేటరు కావాలన్నారు, ఒక్కటే ఉద్యోగం. నవంబరు దాటితే సర్కారు కొలువుకి ప్రేమకుమారి వయసు దాటిపోతుంది. అంటే ఇదే ఆఖరు. అయినా ఆమెకి బెంగ లేదు. పరీక్ష వేగానిది, వేగంలో ఆమెని మించినవాళ్ళు జిల్లాలో లేరు. తల్లి కృపమ్మయితే ఫలితం రాకముందే గుళ్ళో కృతజ్ఞత కానుక వేసేసింది.

పరీక్షకి ఆమె శిష్యుడు వరప్రసాదం కూడా వచ్చాడు. రేపల్లె కుర్రాడు, రోజూ రైల్లో తెనాలి వచ్చి నేర్చుకునేవాడు. తప్పులు కొట్టడు గానీ నత్తనడక. బాపట్ల వెళ్ళే ప్యాసింజర్లో వాడికి ఆమే ధైర్యం చెప్పింది.

"నీకింకా వయసుంది ప్రసాదూ. నాకే నవంబరుతో సరి. నువ్వు కంగారుపడకుండా కొట్టు, చాలు."

పరీక్ష గదిలో నాలుగు టెర్మినళ్ళు పెట్టారు. చిన్న టీవీ లాంటి తెర, కింద మీటలు. తెర మీద పట్టేవి ఇరవైనాలుగు వరుసలే. ఇంకో వరుస కొడితే అన్నిటికన్నా పైది కనబడకుండా పోతుంది. అది చూసి ఆమె ఏమాత్రం తొట్రుపడలేదు. టైపు మెషిన్లో కాగితమూ అంతే కదా, రోలరు మీదుగా వెనక్కి పోతుంది. పోయినంత మాత్రాన కొట్టింది చెరిగిపోతుందా?

పరీక్ష పెట్టే జనార్దనరావు గారు చేతులు వెనక్కి కట్టుకుని చెప్పాడు. "మేటరు మొదట్నించీ కొట్టండి. అరగంటయ్యాక ఈ మీట నొక్కితే కొట్టిందంతా పక్కగదిలో మెషిన్‌కి వెళ్ళి అచ్చవుద్ది. మొదలు వదిలేసిన పేపరు దిద్దం."

ప్రేమకుమారి తల దించింది. మొదట్లో ఇబ్బందిపడింది. చప్పుడు లేదు, గంట లేదు, వరుస చివర ఎడమ చెయ్యి అలవాటుగా, అక్కడ లేని లైను మార్చే లివరు కోసం లేచేది. చాలాసేపటికి ఆమె టెర్మినల్ 'కీ' మంది. తర్వాత వరుసకి మళ్ళీ 'కీ' మంది. హమ్మయ్య, దీనికీ గంట ఉంది! ఆమెకి ప్రాణం లేచొచ్చింది. తన ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చున్నట్టే అనిపించి ఇంకా వేగం పెంచింది. మిగతావాళ్ళ టెర్మినళ్ళు ఎందుకు మోగడం లేదో ఆలోచించలేదు. తలెత్తి చూడనూ లేదు.

అచ్చయి వచ్చిన కాగితం పట్టుకుని జనార్దనరావు గారు మొహం చిట్లించాడు. "ఏంటమ్మా ఇది? మొదటి రెండు పేరాలు లేవే?"

"కొట్టానండి. అన్నిటికన్నా ముందు అవే కొట్టాను."

"కొడితే ఉండేవిగా? మెషిన్ అబద్ధం చెప్పుద్దా?" అని కాగితం మీద అడ్డంగా గీత కొట్టేశాడు. ఆమె ఎంత బతిమాలినా మళ్ళీ చూడలేదు. ఉద్యోగం వరప్రసాదానికి వచ్చింది.

డిసెంబరులో వాడు ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చాడు. హైదరాబాదులో ట్రైనింగు అయిందట, కొత్త చొక్కా, జేబులో పెన్ను. ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాడు.

"టీచర్, ఆ రోజు మీరు కొట్టారు. నాకు తెలుసు."

ఆమె చేతిలో స్కేలు పక్కన పెట్టింది.

"తెరమీద కనపడేది ఒక పేజీనేనండి. పైకి పోయినవి దాచుకోడానికి దానికి కొంచెం జాగా ఉంటది. అన్నీ కలిపి నాలుగు పేజీలే. ఐదో పేజీలోకి వెళ్తే, కొత్త వరుస పడినప్పుడల్లా మొట్టమొదటి వరుస పోద్ది. ముందే మీట నొక్కి పంపెయ్యాలంట. పంపమనే అది కీమంటది. మేమెవరమూ నాలుగో పేజీ దాటలేదు, టీచర్. మీరొక్కళ్ళే దాటారు."

అంటే నిదానంగా కొట్టి ఉంటే గెలిచేది.

"ఇది జనార్దనరావు గారితో చెప్పావా?"

వాడు తల అడ్డంగా ఊపాడు. "చెప్తే పరీక్ష మళ్ళీ పెడతారేమోనని... మళ్ళీ పెడితే మీ ముందు నేనెంతండి?"

"నీకెప్పుడు తెలిసింది?"

"ట్రైనింగులో మొదటి వారమే." ఇంకా చిన్న గొంతుతో అన్నాడు. "సెప్టెంబర్లో."

సెప్టెంబరంటే ఆమె వయసు ఇంకా దాటలేదు. ఆ సంగతి వాడికి తెలుసు. తెలిసే నవంబరు వెళ్ళేదాకా ఆగి, ఇప్పుడొచ్చి మనసు తేలిక చేసుకుంటున్నాడు.

ప్రేమకుమారి ఏడవలేదు, తిట్టలేదు. "ఇంక వెళ్ళు. నీ బండికి వేళయింది" అంది. వాడు లేచి దణ్ణం పెట్టబోతే మొహం పక్కకి తిప్పుకుంది. ఇన్నేళ్ళలో ఒక శిష్యుణ్ణి అసహ్యించుకోవడం ఆమెకి అదే మొదలు. వాడు మెట్లు దిగేదాకా ఆగి, బయట నిలబడ్డ పిల్లల్ని లోపలికి పిలిచింది. ఆ పూట మాత్రం ఎవరికీ ఏమీ నేర్పలేకపోయింది.