వెంకటముని కట్టిన వెల

ఐరాలలో పాత సైకిలు అమ్మాలన్నా కొనాలన్నా ముందు వెంకటముని పంక్చర్ కొట్టు దగ్గర నిలబెట్టాల్సిందే. ఆ పెద్దమనిషి దాని చుట్టూ ఒక్కసారి తిరిగి రేటు చెబుతాడు. చెప్పాక దేవుడు దిగొచ్చినా మార్చడు. ముప్పై ఏళ్లుగా ఊళ్లో ఆయన మర్యాద ఆ మొండితనం మీదే నిలబడింది.

2007లో మా హైస్కూలు డ్రిల్లు మాస్టారు నరేంద్ర మద్రాసు నుంచి ఎనభై వేల సైకిలు తెచ్చాడు. ఈత, సైకిలు, పరుగు వరసగా చేసే పోటీ కోసమే తయారైన బండి. స్టాండు లేదు, క్యారియర్ లేదు, బెల్లు కూడా లేదు. హ్యాండిల్ మీద మోచేతులు ఆన్చుకోవడానికి రెండు మెత్తలు, వాటి ముందు రెండు కొమ్ములు.

"మూడు పనులు చేసేదానికి ఎనబై వేలా?" అంది పూలమ్మే జ్ఞానాంబ. "నేను పొద్దన్నుంచి ముప్పై చేస్తాను. నాకెవురూ డొక్కు సైకిలు గూడా ఈలేదు."

వెంకటముని దాని చుట్టూ తిరిగి, ఒంటిచేత్తో పైకెత్తి చూశాడు. "దీంట్లో ఇనుము గూడా లేదప్పా. నాలుగొందలు."

నరేంద్ర ముఖం మాడిపోయింది. అదే స్కూల్లో లెక్కలు చెబుతూ నడిచి తిరిగే నాకు మాత్రం పండగ్గా ఉంది.

కొత్త బండి కదా, శుక్రవారం కాణిపాకంలో పూజ చేయించాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, దండ వేసి, ముందు కొబ్బరికాయ కొట్టారు. బండి కదిలించగానే చిప్ప పెంకు ఒకటి ఆ సన్నటి టైరులో దిగింది. ఆదివారమే అతను దిగాల్సిన పోటీ. చుట్టుపక్కల ఆ టైరు మీద చెయ్యివేసే ధైర్యం వెంకటమునికి తప్ప ఎవరికీ లేదు. నరేంద్ర తలవంచుకుని ఆయన కొట్టుకే తెచ్చాడు.

వెంకటముని గంటసేపు చెమటోడ్చి అతుకు వేశాడు. బాగుచేసిన ఏ సైకిలైనా పాలకేంద్రం దాకా తొక్కి చూడందే ఆయన చేతికివ్వడు. చెప్పులు విడిచి, పంచె ఎగగట్టి ఎక్కాడు. మోచేతులు మెత్తల మీద ఆన్చి వంగేసరికి మేం పడీపడీ నవ్వాం.

పాలకేంద్రం దాటిపోయాడు. అరగంటైనా రాలేదు. నరేంద్ర రోడ్డు మధ్యకొచ్చి నిలబడ్డాడు.

గంట దాటాక వెంకటముని తిరిగొచ్చి, దిగి, సైకిలు వదలకుండా అలాగే పట్టుకున్నాడు.

"యాడికి పోయినావు మునన్నా?" అన్నాడు నరేంద్ర.

"కాణిపాకం దాకా." హ్యాండిల్ మెత్తల్ని నిమిరి, "నలబై ఏండ్లుగా సైకిలు తొక్కతా ఉండాననుకున్నానప్పా," అన్నాడు. మాకు నవ్వు రాలేదు.

జ్ఞానాంబ మాత్రం వదల్లేదు. "అయితే రేటు మారస్తావా?"

ఆయన మమ్మల్నందర్నీ ఒకసారి చూశాడు.

"మాటంటే మాటే. నాలుగొందలే," అని నరేంద్ర వైపు తిరిగాడు. "పందెం అయిపోయినాక, ఆ రేటుకే నాకియ్యప్పా."